స్ట్రైపర్ వేటలో పసిగట్టడం: న్యూజెర్సీ ఒడ్డున గాలం వేసేవారికి మెట్టు మెట్టుగా

ఆటు మొదలై రెండు గంటలైంది. ఇరవైసార్లు విసిరారు, ఒక్కటీ తగల్లేదు. ఎడమ పక్కన రెండొందల గజాల అవతల రాతికట్ట ఉంది, మనసు అటు లాగుతోంది. కదలాలా, ఇక్కడే ఉండాలా? ఒడ్డున నిలబడి స్ట్రైప్డ్ బాస్, అంటే స్ట్రైపర్ అనే చారల చేపను పట్టేవారికి రాత్రికి రెండు మూడుసార్లయినా ఎదురయ్యే ప్రశ్న ఇది. చేయి తిరిగినవాళ్లను అడిగితే "ఎందుకో అటు వెళ్లాలనిపించింది" అంటారు. అందులో మంత్రమేమీ లేదు. గాలి కాస్త పక్కకు తిరగడం, అల విరిగే చోటు మారడం, లైను మీద లాగుడు బిగియడం లాంటివి ఒంటికి ముందు తెలుస్తాయి, బుద్ధికి మాటల్లో అందేది ఆ తర్వాత. తెలుగులో దీనికి చక్కటి మాట ఉంది: పసిగట్టడం. అయితే పసిగట్టడానికి లోపల సరుకుండాలి. సరుకు లేకుండా 'అనిపించేది' ఉత్త ఆశే.

ఆ సరుకు ఎలా కూడబెట్టాలో, ఎప్పుడు దాన్ని నమ్మాలో, ఎప్పుడు అస్సలు నమ్మకూడదో ఇక్కడ వివరంగా ఉంది. ఎడిసన్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లకు శాండీ హుక్ తీరం సుమారు గంట దారి కాబట్టి ఉదాహరణలు న్యూజెర్సీ తీరానివే. మాంటాక్‌లోనైనా కేప్ కాడ్‌లోనైనా పద్ధతి ఇదే, రోజులు మాత్రం కాస్త ముందూ వెనకా అవుతాయి.

మొదటి మెట్టు: చేప ఏ నెలలో ఎటు వెళ్తోందో తెలుసుకోండి

స్ట్రైపర్ మన పులసలాంటిదే. బతుకు సముద్రంలో, గుడ్లు పెట్టడం నదిలో. చెసపీక్ బే, డెలావేర్, హడ్సన్ నదుల్లో వసంతంలో గుడ్లు పెట్టి, పెద్ద చేపలు తీరం వెంట ఉత్తరానికి పోతాయి, చలి మొదలయ్యాక దక్షిణానికి తిరుగుతాయి. న్యూజెర్సీ ఒడ్డు ఆ రెండు ప్రయాణాలకూ దారి మీదే ఉంది.

మార్చి చివర, ఏప్రిల్‌లో రారిటన్ బే తొందరగా వేడెక్కుతుంది. అప్పుడు బ్లడ్‌వార్మ్ (సముద్రపు పురుగు), క్లామ్ (గుల్ల మాంసం) ఎరలు పనిచేస్తాయి. ఏప్రిల్ చివరి నుంచి బంకర్ అనే ఎర చేపల గుంపులు, వాటి వెనకే పెద్ద చేపలు. మే, జూన్‌లలో సముద్రం వైపు. జూలై, ఆగస్టుల్లో పగలు దాదాపు సున్నా. రాత్రిపూట, తెల్లవారుజామున అల పాకే చోట ఇసుక పీతలు తింటూ చిన్నవి దొరుకుతాయి. సెప్టెంబరులో మల్లెట్ చేపలు తీరం వెంట దిగుతాయి. అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా అసలు పండగ: పిల్ల బంకర్, శాండ్ ఈల్ అనే సన్నటి చేపలు, వాటిని తరిమే స్ట్రైపర్లు.

నీటి వేడి 50 నుంచి 65 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే చేప చురుగ్గా తింటుంది. 45 కిందకు పోతే మందగిస్తుంది, 70 దాటితే నీరసిస్తుంది. వేసవిలో ఒక చిక్కుంది. రెండు మూడు రోజులు దక్షిణ గాలి గట్టిగా వీస్తే పైనున్న వేడి నీరు సముద్రంలోకి జరిగి, అడుగునున్న చల్లని నీరు ఒడ్డుకొస్తుంది. ఒక్క రోజులోనే పది డిగ్రీలు పడిపోవచ్చు. నిన్న చేపలున్న చోట ఇవాళ ఒక్కటీ లేకపోవడానికి తరచూ కారణం ఇదే. కాబట్టి నీళ్లలో చేయి పెట్టి చూడటం అలవాటు చేసుకోండి, తర్వాత న్యూయార్క్ హార్బర్ ముఖద్వారంలో ఉన్న 44065 నంబరు బోయ్ (నీటి వేడి కొలిచే తేలుడు పరికరం) అంకెతో పోల్చండి. నెల తిరిగేసరికి చెయ్యే థర్మామీటరవుతుంది.

రెండో మెట్టు: చేతికి అబద్ధం చెప్పని సామాను

పసిగట్టడంలో సగం చేతి పని. కర్ర మొద్దుదైతే అడుగు నుంచి వచ్చే కబురు చేరదు. కృత్రిమ ఎరలు విసరడానికి 9 లేదా 10 అడుగుల కర్ర, 5000 సైజు రీలు, 30 పౌన్ల బలమున్న బ్రెయిడ్ (అల్లిన లైను) 250 గజాలు సరిపోతాయి. దాని చివర 30 నుంచి 40 పౌన్ల మోనో లీడర్ (ఒంటిపోగు నైలాన్ చివరి ముక్క) రెండున్నర అడుగులు, ఎర తగిలించే 75 పౌన్ల క్లిప్. డ్రాగ్ (చేప లాగితే లైను జారనిచ్చే బ్రేకు) బిగింపు లైను బలంలో నాలుగో వంతు చాలు. సహజమైన ఎరతో వేసేవారికి 10 లేదా 11 అడుగుల కర్ర, లైను మీద జారే స్లీవ్‌కి తగిలించిన 3 నుంచి 5 ఔన్సుల పిరమిడ్ సీసం, 8/0 సర్కిల్ హుక్ (మొన లోపలికి తిరిగిన గుండ్రటి కొక్కెం). సహజ ఎరకు సర్కిల్ హుక్ 2021 నుంచి తప్పనిసరి, మొన పక్కకు వంగని రకమే పెట్టాలి.

బ్రెయిడ్‌తో చీకట్లో వచ్చే పెద్ద బాధ ముడి పడటం. రెండు కారణాలు: స్పూల్ అంచు దాకా లైను నింపడం, విసిరాక లైను వదులుగా ఉండగానే చుట్టడం. అంచుకు ఎనిమిదో వంతు అంగుళం ఖాళీ వదలండి. బెయిల్‌ను (రీలు మీది తీగ వంపు) హ్యాండిల్ తిప్పి కాకుండా చేత్తో మూసి, లైను ఒకసారి బిగువుగా లాగి ఆ తర్వాతే తిప్పండి.

ఎరలు ఐదే తీసుకెళ్లండి: ఒక ఔన్సు తెల్ల బక్‌టెయిల్ (జింక వెంట్రుకలు కట్టిన సీసపు ఎర), ఆరంగుళాల మిన్నో (చిన్న చేప ఆకారపు ఎర), నీడిల్‌ఫిష్ (సన్నటి పుల్లలాంటి ఎర), పెన్సిల్ పాపర్ (నీటి పైన చిందే ఎర), ఐదంగుళాల తోక ఊపే రబ్బరు చేప. సంచిలో ముప్పై ఉంటే అనుమానం వచ్చిన ప్రతిసారీ చెయ్యి సంచిలోకే పోతుంది, కళ్లు నీళ్ల మీద నుంచి తప్పుకుంటాయి. తక్కువ ఎరలుంటే ఒక్కొక్కటి ఇసుకను తాకితే ఎలా ఉంటుందో, నాచు తగిలితే ఎలా మొద్దుబారుతుందో చేతికి బాగా పడుతుంది. ఎర వణుకు ఉన్నట్టుండి ఆగిపోయి బరువు మాత్రం మిగిలితే నాచు. ఒక్కసారి 'టక్' మని గట్టిగా తగిలి కర్ర వంగితే స్ట్రైపర్. టకటకా కొరికి లీడర్ తెగితే బ్లూఫిష్. పక్క నుంచి మెత్తగా రాసుకున్నట్టు పదే పదే తగిలి, ఎర బయటికి తీస్తే కొక్కేనికి వెండి పొలుసు అంటుకుని ఉంటే, మీరు బంకర్ గుంపులో లాగుతున్నారు. ఆ పొలుసు కనిపించాక చోటు మారడం తెలివితక్కువ.

మూడో మెట్టు: పగటిపూట, నీరు తగ్గినప్పుడు ఒడ్డు చదవండి

రాత్రి వేసే చోటును పగలే ఎంచుకోవాలి. అమావాస్య లేదా పౌర్ణమి చుట్టూ ఒక రోజు ఆటు పూర్తిగా తీసిన వేళకు వెళ్లి, ఎత్తున్న చోట నుంచి చూడండి. దూరంగా తెల్లగా అల విరిగే చోట ఇసుక మెట్ట ఉంది. ఆ మెట్టకూ ఒడ్డుకూ మధ్య ముదురు రంగులో, అల విరగకుండా ఉన్న పట్టీ కాలువ. చేప నడిచే బాట అదే. మెట్టలో తెల్ల గీత ఎక్కడ తెగిందో అక్కడ గండి ఉంటుంది. ఆటుకు కాలువ నీళ్లన్నీ ఆ గండి గుండా బయటికి పోతాయి, చిన్న చేపల్ని ఈడ్చుకుపోతాయి, పెద్ద చేప గండి అంచున మూతి తెరిచి కాచుకుంటుంది. నూటికి తొంభై పాళ్లు ఇసుక తీరం ఖాళీ, మిగతా పదిలోనే ఆట.

గండి దొరికితే దాని ఎదురుగా ఒడ్డున మారని గుర్తు చూసుకోండి, లైఫ్‌గార్డ్ మెట్లో, కంచె స్తంభమో. ఫోన్‌లో ఫోటో తీయండి. తూర్పు నుంచి పెద్ద తుపాను వచ్చి పోతే ఇవన్నీ చెరిగిపోతాయి, మళ్లీ వెళ్లి చూడాల్సిందే. పైగా మన్మౌత్ కౌంటీలో బీచ్‌లకు కొత్త ఇసుక పోసినప్పుడల్లా పాత రాతికట్టలు కొన్ని పూడిపోయాయి. పాత మ్యాపులు నమ్ముకుంటే లాభం లేదు.

పోటు లెక్కకు ఇంటి గోడ మీది తెలుగు క్యాలెండర్ నిజంగానే పనికొస్తుంది. అమావాస్య, పౌర్ణమి చుట్టూ మూడు నాలుగు రోజులు నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది, ప్రవాహం వడిగా ఉంటుంది. అష్టమి చుట్టూ మందం. రెండు పోట్ల మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అంటే రోజుకు దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. శాండీ హుక్ పట్టిక చూసుకుని వెళ్తే చాలు. మనాస్క్వాన్, బార్నెగాట్ లాంటి ఇన్‌లెట్ల (సముద్రం నుంచి లోపలి నీళ్లలోకి ఇరుకు దారులు) దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది: నీరు నిండిన వేళకే ప్రవాహం తిరగదు, ఇంకా లోపలికే పోతుంటుంది. ఎంత ఆలస్యమో ఆ చోటే నేర్పుతుంది, రాసి పెట్టుకోండి.

నాలుగో మెట్టు: పావుగంట ఊరకే నిలబడండి

కొత్తవాళ్లు కారు దిగీ దిగగానే మోకాలి లోతుకు దిగి, బలం కొద్దీ దూరంగా విసురుతారు. చీకట్లో స్ట్రైపర్ చాలాసార్లు ఒడ్డుకు పది ఇరవై గజాల్లోనే, మీరు కాలు పెట్టిన కాలువలోనే తిరుగుతుంటుంది. మీరు దాన్ని తొక్కుకుంటూ వెళ్లారన్నమాట.

లైటు ఆర్పి, పొడి ఇసుక మీద నిలబడి గాలి ఎటు నుంచో మెడ మీద చూసుకోండి. ఈ తీరంలో పడమటి గాలి అలలను చదును చేసి నీటిని తేరుస్తుంది, ఈశాన్య గాలి నురుగు లేపి చిన్న చేపల్ని ఒడ్డుకు నెడుతుంది, హద్దు మీరితే నాచు కలిపి పాడు చేస్తుంది. చెవి పెట్టండి. చీకట్లో నీళ్ల మీద 'చప్' మని గట్టి చప్పుడు వినిపిస్తే ఏదో పైకి వచ్చి మింగింది. కోసిన కర్బూజా వాసన, లేదా జిడ్డు నూనె వాసన గాలికి వస్తే దగ్గర్లో బంకర్‌ను చేపలు చీలుస్తున్నాయని ఇక్కడి వేటగాళ్లు అంటారు. ఆ వాసన వచ్చే వైపు గాలికి ఎదురు నడవాలి.

పొద్దుపొడుపు వేళైతే పక్షులను చూడండి. గానెట్లు ఎత్తు నుంచి బాణాల్లా పడుతుంటే కింద బంకర్ లాంటి పెద్ద ఎర. చిన్న టెర్న్‌లు అక్కడక్కడే కొట్టుకుంటుంటే సన్నని ఎర, నీడిల్‌ఫిష్ తగిలించండి. సీగల్స్ నీళ్ల మీద ఊరికే కూర్చుంటే వేట అయిపోయింది, లేదా ఇంకా మొదలవలేదు. రెండింటిలో ఏదో పోటు పట్టిక చూస్తే తెలుస్తుంది.

ఐదో మెట్టు: ఒక్కసారికి ఒక్క మార్పు

మొదటి విసురు ఒడ్డుకు దాదాపు సమాంతరంగా, నురుగులోనే. తర్వాత విసనకర్రలా ఎడమకు, నేరుగా, కుడికి. ప్రవాహం పక్కకు పోతుంటే పైపక్కకు విసిరి, ఎర గండి అంచు వెంట కొట్టుకుపోతూ తిరిగేలా వదలండి. ఎక్కువ తాకిళ్లు ఎర దిశ మారే ఆ క్షణంలోనే వస్తాయి. రాత్రి చుట్టే వేగం మీకు విసుగొచ్చేంత నెమ్మదిగా ఉండాలి. నీడిల్‌ఫిష్‌ను అయితే ఇంకా నెమ్మదిగా.

ఏమీ తగలకపోతే వరుసగా మార్చండి: మొదట కోణం, తర్వాత వేగం, ఆపైన లోతు, సైజు, చివరికి రంగు. రంగు మీద వాదనలకు అంతుండదు. చీకట్లో నలుపు, తేట నీటికి తెలుపు లేదా ఎముక రంగు, బురద నీటికి పసుపు అనుకుని వదిలేయండి. ఒకేసారి రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, మరుసటి రాత్రికి ఏమీ మిగలదు. చేప తాకి కొరక్కుండా పోతుంటే ముందు నెమ్మదించండి, తర్వాత చిన్న ఎర. ముక్క ఎర వేసి కూర్చున్నవారికి వరుసగా స్కేట్‌లు, డాగ్‌ఫిష్‌ల్లాంటి అక్కర్లేని చేపలే వస్తుంటే ఆ చోట ప్రవాహం లేదని అర్థం. సీసం ఇంకొంచెం తగ్గించి అది నెమ్మదిగా దొర్లేలా చేయండి, లేదా లేవండి. సర్కిల్ హుక్‌తో కర్రను వెనక్కి గుంజకూడదు. చేప లైను పట్టుకుని నడవనివ్వండి, బరువు తెలిశాక ఊరికే చుట్టండి, కొక్కెం దవడ మూలన అదే దిగుతుంది. గుంజితే నోట్లోంచి జారిపోతుంది. ఈ ఒక్క అలవాటు మానలేక చేపలు పోగొట్టుకునేవారే ఎక్కువ.

ఆరో మెట్టు: కదలాలా, ఉండాలా

ఇరవై విసురులయ్యాయి, మనసు లాగుతోంది. అప్పుడు మిమ్మల్ని మీరు ఒక్కటే అడగండి: ఏం మారింది?

'నీళ్ల లాగుడు సడలింది', 'ఎర ముందులా కొట్టుకుపోవడం లేదు', 'గాలి ఉత్తరానికి తిరిగాక నాచు వస్తోంది', 'అక్కడ ఇందాక లేని నురుగు గీత కనిపిస్తోంది'... ఇలా ఏదో ఒకటి వంకరటింకరగానైనా చెప్పగలిగితే అది పసిగట్టడమే. సామాను సర్దుకుని నడవండి, తర్కించకండి. ఇలాంటప్పుడు ఆలస్యం చేస్తే నష్టమే, స్ట్రైపర్ తినే వేళ కొన్నిసార్లు ఇరవై నిమిషాలే.

ఏమీ చెప్పలేకపోతే అది విసుగు, చలి, లేదా పక్కవాడి హెడ్‌ల్యాంప్ వెలగడం చూసి పుట్టిన అసూయ. మీరు ముందే అనుకున్న పోటు వేళ ఇంకా ఉంటే ఇంకో ఇరవై నిమిషాలు ఉండండి. ఆ వేళ దాటిపోతే ఎలాగూ వెళ్లాల్సిందే. కదిలేటప్పుడు ముందు ముప్పై, నలభై గజాలే కదలండి. అదే కాలువలో అవతలి గండి కావచ్చు. మైళ్ల దూరం కారెక్కడం చివరి మాట. అలా వెళ్లేటప్పుడు కూడా రెండో చోటుకు అక్కడి మంచి వేళకు అరగంట ముందే చేరేలా బయలుదేరండి. చేపలు పడుతున్నాయని విని వెళ్తే పొద్దెక్కాక వెళ్లినట్టే ఉంటుంది.

పసిగట్టడంలా కనిపించి మోసం చేసేవి రెండున్నాయి. ఒకటి, నిన్న పట్టిన చోటుకే కాళ్లు వెళ్లడం. నిన్న చేప పడింది చోటు వల్ల మాత్రమే కాదు, ఆటు మూడో గంట వల్ల. ఇవాళ అదే గడియారపు వేళకు వెళ్తే ఆటు ఇంకా రెండో గంటలోనే ఉంటుంది, దాదాపు గంట ముందొచ్చినట్టు. రెండోది, ఇంత దూరం వచ్చాం కదా అని పాతుకుపోవడం. పెట్రోలు ఖర్చు చేపకు తెలియదు.

లోపలి మాట వినకూడని చోటు

భయం వేసినప్పుడు మాత్రం కారణం అడగకండి, వెనక్కి రండి. "ఇంకొక్క విసురు" అనే కోరికను ఒక్కసారి కూడా నమ్మకండి. ఈ రెండూ ఒకేసారి వస్తే భయానిదే పైచేయి.

రాతికట్ట ఎక్కే ముందు పదిహేను నిమిషాలు అలలను లెక్కించండి. పెద్ద అలలు గుంపులుగా వస్తాయి, ఐదు నిమిషాల ప్రశాంతత చూసి మోసపోకూడదు. నిలబడదలుచుకున్న రాయి తడిసి ఉంటే అల అక్కడికి వచ్చి పోయిందనే. బూట్లకు లోహపు మేకులుండాలి, నాచు పట్టిన రాయి మీద రబ్బరు అడుగు నిలవదు. వేడర్ (ఛాతీ దాకా వచ్చే, నీరు చొరని ప్యాంటు) వేసుకుంటే నడుం బెల్టు బిగించాలి, గాలి నిండే లైఫ్ వెస్ట్ వేసుకోవాలి. సముద్రానికి వీపు చూపకండి. మెరుపు కనిపిస్తే కర్ర కింద పడేసి నడవండి, గ్రాఫైట్ కర్రలో విద్యుత్తు బాగా ప్రవహిస్తుంది. 1982 సెప్టెంబరు 21 రాత్రి అట్లాంటిక్ సిటీలో ఈదురుగాలిలో జెట్టీ (రాతికట్ట) మీద నిలబడి ఆల్ మెక్‌రేనాల్డ్స్ 78 పౌన్ల 8 ఔన్సుల స్ట్రైపర్ పట్టాడు. 2011 దాకా ప్రపంచ రికార్డు అదే. ఆ కథ తలుచుకుని తుపానులో రాళ్లెక్కేవారు ఇప్పటికీ ఉన్నారు. మీరు ఆ లెక్కలో చేరొద్దు.

చేప ఒడ్డుకు వచ్చాక

చివరి అల సాయంతో చేపను తడి ఇసుక మీదికి జారనివ్వండి, అల వెనక్కి పోయేటప్పుడు లాగితే లీడర్ తెగుతుంది. చేతులు తడుపుకుని దవడ, పొట్ట కింద పట్టుకుని అడ్డంగా ఎత్తండి. దవడ పట్టి నిలువునా వేలాడదీస్తే పెద్ద చేపకు లోపల దెబ్బ తగులుతుంది. ముప్పై సెకన్లలో నీళ్లలోకి. వదిలిన చేపల్లో 9 శాతం చచ్చిపోతాయని నిర్వహణ సంస్థల లెక్క. ట్రెబుల్ (మూడు మొనల) హుక్‌ల మొన ముళ్లను పట్టకారుతో నొక్కేస్తే మీ వాటా తగ్గుతుంది.

2023 నుంచి సముద్రంలో ఉంచుకోదగ్గది రోజుకు ఒక్కటే, 28 నుంచి 31 అంగుళాల మధ్యది. తోకను నొక్కి పట్టి మూతి నుంచి చివరిదాకా కొలవాలి. కొసల్లో ఉన్నది వదిలేయడమే మేలు. నియమాలు మారుతుంటాయి కాబట్టి ప్రతి సీజన్ ముందూ రాష్ట్ర పేజీ చూడండి. న్యూజెర్సీలో సముద్ర చేపలకు ఉచిత రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, స్ట్రైపర్ అమ్మడం నేరం. పులుసుకు చేప బాగానే ఉంటుంది. కానీ వారానికెన్ని తినొచ్చో ఆరోగ్య శాఖ సలహా చదివాకే ఇంట్లో పిల్లలకూ గర్భిణులకూ పెట్టండి.

చివరి మెట్టు: రాత పుస్తకం

ఇంటి నుంచి బయలుదేరే ముందే ఒక గడి నింపండి: 'ఊహ'. "ఆటు రెండో గంటలో గండి కుడి అంచున, మిన్నోకు" అని. తిరిగొచ్చాక మిగతావి: తేదీ, తిథి, పోటు తర్వాత ఎన్ని గంటలు, గాలి దిశ, వేగం, నీటి వేడి, కనిపించిన ఎర, చేప ఏ గజం దగ్గర తాకింది, ఎంత నెమ్మదిగా చుడుతుండగా. ఖాళీ చేతులతో వచ్చిన రాత్రి కూడా తప్పక రాయాలి. వదిలేస్తే పుస్తకం అబద్ధాలు చెబుతుంది, దాంతోపాటు మీ పసిగట్టడమూ. మధ్యలో కదిలితే "ఎందుకు కదిలాను" అని ఒక్క మాట.

ముప్పై రాత్రులయ్యాక 'ఊహ' గడినీ ఫలితాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. ఊహ తప్పిన వరసల్లో ఏ గడి ఖాళీగా ఉందో చూసుకోండి. చాలాసార్లు అది గాలి గడే.